వరుసగా కట్టిన ఊరు

మళ్ళీ వచ్చింది ఆ విమానం, కొబ్బరి తలల మీదుగా గుండ్రంగా తిరుగుతోంది, బాంబులు వేసేది కాదు, ఊరికే చూసి పోయేది, నా పెళ్ళాం ఇరొకై చచ్చిపోయే ముందు కూడా ఇదే వచ్చింది, అప్పుడు ఊరిపెద్ద సోపు ఏమన్నాడు, కియాప్ దొర జపాన్ వాళ్ళకి భయపడి పారిపోయాడనుకున్నాం గానీ చూడండర్రా, ఆకాశంలోంచి తనిఖీకొచ్చాడు, ఊడవండి అన్నాడు, నమ్మాం, ఎందుకు నమ్మం, ఈ బోగన్‌విల్ దీవి అడవిలో ఎవరి చేమతోట పక్కన వాళ్ళు చెదురుగా బతికేవాళ్ళం, సర్కారు తరఫున మమ్మల్ని ఏలే ఆ తెల్ల దొరే అందర్నీ బయటికి లాక్కొచ్చి తాడు పట్టించి రెండు వరుసల్లో ఇళ్ళు కట్టించాడు, వాకిట్లో ఆకు కనిపిస్తే జైలన్నాడు, ఇరొకై మాత్రం నవ్వింది, అంత పైనుంచి నా వాకిలి కనిపిస్తే నా నడుం నొప్పి కూడా చూడమను మీ దొరని అంది, అంటూనే నేల మెరిసేలా ఊడ్చింది, వారం తిరక్కుండా బాంబులు పడ్డాయి.

ఇరొకై తమ్ముడు తుకెమ్ తీరంలో తెల్ల సైన్యానికి మూటలు మోసేవాడు, ఆ తర్వాత వచ్చి చెప్పాడు, బావా, ఆ విమానం ఫోటోలు తీస్తుంది, గుడారంలో బల్ల మీద మన ఊరు చూశాను, అడవి మనుషులు ఇంత తిన్నగా కడతారా, ఇది జపాన్ వాళ్ళ శిబిరమే అన్నారు ఆ తెల్లవాళ్ళు, నడుమ ఒక చుక్క ఉంటే వేలు పెట్టి కాపలా సిపాయి అన్నారు, మరి నువ్వేం చెప్పావురా అంటే, మూటలు మోసేవాడి మాట ఎవడు వింటాడు బావా, ఆ చుక్క అక్కేనని నాకేం తెలుసు అన్నాడు, వినకపోయినా చెప్పాల్సింది, వాడికి మా ఇంట్లో మంచినీళ్ళు కూడా లేవు.

సోపు మళ్ళీ ఊడవండని అరుస్తున్నాడు, కాలిన ఊరి పక్కనే ఇంకో వరుస కట్టించాడు, రేపు యుద్ధం అయ్యాక దొర తిరిగొస్తే జైలుకి నువ్వు పోతావా అంటాడు, నా కూతురు నోరియా ఇంకా ఊడుస్తోంది, చెట్ల కిందికి రావే అంటే సోపు తాత తిడతాడు నాన్నా అంటుంది, తిట్టనీ, వాడి తిట్టు ఆకాశంలోంచి పడదు, రా, అయినా రాదు, నడుం ఎత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలెత్తి చూస్తోంది, అచ్చం తల్లిలా, పరిగెత్తి జబ్బ పట్టి ఈడ్చాను, చెట్ల నీడలో దాని గుండె నా చేతికి తగులుతోంది, అప్పుడు తెలిసింది, ఇరొకై కూడా ఇలాగే చూసి ఉంటుంది, పుట్టిన దగ్గర్నించి దానికి ఎవరూ ఫోటో తియ్యలేదు, తీసింది ఆ ఒక్కటే, అందులో అది నేరుగా వాళ్ళ వైపే చూస్తోంది, అది మొహమని వాళ్ళకి తెలియదు.