మూడేళ్లా, మూడు నెలలా

బెండకాయలు తరుగుతున్నంతసేపూ ఆస్మా ఒక్క వాక్యం గురించే ఆలోచిస్తోంది. "నువ్వు ఎన్నడూ సముద్రం చూడలేదు, ఎలెన్." చూడలేదా, చూసి ఎరగవా, అసలు సముద్రమంటే నీకు తెలీదా? ఎలా రాస్తే సినిమాలో ఎలెన్ మొగుడి గొంతులోని మెత్తదనం వస్తుంది? అతను ఆ మాట కోపంగా అనడు. పెళ్లాం భుజాల మీద శాలువా కప్పుతూ జాలిగా అంటాడు. ఆ జాలే ఆస్మాకు అంతుపట్టడం లేదు.

హైదరాబాదులో ఉండే సూసన్ ఆమెకు డిగ్రీనాటి స్నేహితురాలు. ఏడాదిగా పరభాషా సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసే పని పంపుతోంది. ఇంగ్లీషు ప్రతి పక్కన పెట్టుకుని, జగ్గయ్యపేటలో తన ఇంటి భోజనాల బల్ల మీద, కుక్కరు కూతకీ కూతకీ మధ్య ఆస్మా ఫ్రాన్సు మనుషుల చేత తెలుగు మాట్లాడిస్తుంది. ఇంట్లో ఈ పనికి పెట్టిన పేరు 'సినిమాలు చూడ్డం'. అత్తగారు సర్దార్‌బీ ఇరుగుపొరుగుకి అలాగే చెబుతుంది. నిష్ఠూరంగా కాదు, మా వీధిలో పొద్దున్నే కుళాయి వస్తుందన్నంత మామూలుగా.

ఈసారి వచ్చిన సినిమా చిత్రమైనది. ఎలెన్ అనే ఆవిడ జబ్బుచేసి, ఆస్పత్రి నుంచి ఇంటికొస్తుంది. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న ఇంట్లో పెరిగినట్టు ఆమెకు గుర్తు. అలాంటి ఇల్లే లేదంటాడు మొగుడు. పక్కింటివాళ్లూ, డాక్టరూ, చివరికి తోబుట్టువూ అదే మాట అంటారు. కొంతసేపటికి ఎలెన్‌కే కాదు, చూస్తున్నవాళ్లకి కూడా ఎవరిది నిజమో తెలీకుండా పోతుంది. ఎలెన్ మొగుణ్ని 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అని ఆస్మా రెండు రోజులు తర్జనభర్జన పడింది. తను భర్త వాసింని పదిహేనేళ్లలో ఒక్కసారైనా 'నువ్వు' అనలేదు. ఎలెన్ చేత మాత్రం అనిపించింది. రాసేటప్పుడు వేళ్లకి గమ్మత్తుగా ఉంది.

ఆ ఆదివారం వాసిం స్నేహితుడు సాయిప్రసాద్, అతని భార్య కృష్ణప్రియ భోజనానికొచ్చారు. వాసింకి చిల్లకల్లు దగ్గర హైవే మీద లారీ టైర్ల షాపుంది. సాయిప్రసాద్‌ది ఆ పక్క షాపే. అన్నాలు తింటూ కృష్ణప్రియ, మీరెప్పుడైనా ఉద్యోగం చేశారా అని ఆస్మాని అడిగింది. ఆస్మా నోరు తెరిచేలోగా వాసిం జవాబు చెప్పేశాడు. పెళ్లికి ముందు సరదాగా ఓ మూడు నెలలు ఏదో స్కూలుకి వెళ్లిందన్నాడు.

"మూడు నెలలు కాదండీ, మూడేళ్లు. నందిగామలో సోషల్ చెప్పేదాన్ని" అంది ఆస్మా.

వాసిం నవ్వాడు. కోపం లేదు, వెటకారం కూడా లేదు. ఈ మధ్య ఆస్మాకి అన్నీ ఇలాగే కలగాపులగం అవుతున్నాయనీ, ఆ సినిమాలు తగ్గించమంటే వినదనీ అన్నాడు. సర్దార్‌బీ కూర గిన్నె అందిస్తూ, "మూడు నెల్లేలే అమ్మాయ్. నాకు బాగా గుర్తు" అంది.

కృష్ణప్రియ ఇబ్బందిగా పెరుగులోకి చూసుకుంది. మాట మిరపకాయల ధర మీదికి మళ్లిపోయింది.

గిన్నెలు తోముతూ ఆస్మా తనకి కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. దాని బదులు ఒకలాంటి కుతూహలం పట్టుకుంది. వీళ్లు అబద్ధం చెబుతున్నారా, నిజంగానే అలా అనుకుంటున్నారా? ఇంతకుముందు అన్న మాటలు ఒక్కొక్కటే పైకి తేలసాగాయి. బీఈడీ నువ్వే వద్దన్నావుగా. దరఖాస్తు ఫారం నింపి దిండు కింద పెట్టుకున్నట్టు ఆమెకు గుర్తు. నీకు తిరగడం ఇష్టముండదుగా. నీకు కీమా పడదుగా. ఆ మాట ఎన్నిసార్లు విందో, నిజంగానే తినడం మానేసింది. వీటన్నిటికంటే ఆమెను భయపెట్టింది మరొకటి. మూడో ఏడాది తన క్లాసులో కూర్చున్న పిల్లల పేర్లు గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ రాలేదు. ఒకవేళ మూడు నెలలేనేమో. ఎలెన్‌కి ఆస్మా సాయం చేయలేకపోవచ్చు గానీ, తన నిజమేంటో ఆ స్కూలుకి వెళ్లి చూసి రావచ్చు. నందిగామ బస్సుకి ముప్పావుగంట.

మంగళవారం వంట చేసిపెట్టి, నాన్నని చూసొస్తానని చెప్పి బయల్దేరింది. కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత ప్రయాణపు సున్నా టికెట్టు చింపి చేతిలో పెట్టాడు. నందిగామలో దిగి పుట్టింటికి వెళ్లకుండా నేరుగా స్కూలుకి నడిచింది. ఆ రోజుల్లో రేకుల షెడ్డు ఉన్నచోట ఇప్పుడు రెండంతస్తుల బిల్డింగు ఉంది. తను పొరపాటున వేరే చోటికి వచ్చిందేమోనని గేటు మీది పేరు రెండుసార్లు చదువుకుంది.

హెడ్‌మిస్ట్రెస్ భారతీదేవి జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్లజోడు తీసి, పెట్టుకుని, "ఆస్మా కదూ" అంది. విషయం విని నవ్వలేదు. అటెండరు చేత పాత బీరువా తీయించి, దుమ్ము కొట్టుకుపోయిన టీచర్ల హాజరు పుస్తకాలు బల్ల మీద వేయించింది. రెండు వేల ఏడు జూన్. షేక్ ఆస్మా అని పొందికైన గుండ్రటి అక్షరాలు. రెండో ఏడాదికి 'షేక్' పోయింది. మూడో ఏడాదికి పేరంతా తోక ఉన్న ఒక గీతలా మారింది, చేయి తిరిగినవాళ్లు పెట్టే సంతకం. రెండు వేల పది ఏప్రిల్ దాకా ఉంది. ఆ గీత మీద ఆస్మా వేలు పెట్టి చూసుకుంది.

భారతీదేవి ఆ నాటి సంగతులు చెప్పసాగింది. ఏడో తరగతి పిల్లలకి నదుల పాఠం పుస్తకం చూసి చెప్పనని ఆస్మా మొండికేసిందట. చెవిటికల్లు ఊరికి తీసుకెళ్లి కృష్ణానది చూపించాల్సిందేనని తనతో వారం రోజులు పోట్లాడిందట. చివరికి ట్రాక్టరు మాట్లాడి నలభై మందిని తీసుకెళ్లిందట. ఆస్మాకి అదేదీ గుర్తులేదు. ఎవరితోనైనా వారం రోజులు పోట్లాడగల మనిషిని తనలో ఊహించుకోబోయింది. కుదరలేదు. వాళ్లు మాత్రమే కాదు, తను కూడా మరిచిపోయింది.

వచ్చే జూన్‌కి సోషల్ టీచరు కావాలని కూడా భారతీదేవి చెప్పింది.

పుట్టింట్లో తండ్రి జాన్‌బాషా కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆస్మా మంచినీళ్లు తాగి, నేను స్కూల్లో ఎన్నాళ్లు చేశాను నాన్నా అని అడిగింది. ఆయన తడుముకోకుండా మూడు నెలలన్నాడు. ఆ తర్వాత కూతురి మొహం చూసి పేపరు మడిచాడు. అది మంచి సంబంధమనీ, మూడేళ్లు సంపాదించిన పిల్ల మాట వినదని మగపెళ్లివారు అనుకుంటారని మధ్యవర్తి చెప్పాడనీ నెమ్మదిగా బయటపెట్టాడు.

"ఒకసారి అన్నాక అదే చెప్తూ వచ్చా. తర్వాత్తర్వాత నాకూ అదే నిజమనిపించిందమ్మా" అన్నాడు.

తిరుగు బస్సులో ఆస్మా కిటికీ పక్కన కూర్చుంది. అయితే వాసిం అబద్ధమాడలేదు. పెళ్లినాడు తనకి చెప్పిన మనిషే ఆస్మా అని పదిహేనేళ్లుగా నమ్మాడు. చెప్పినదానికంటే ఆ మనిషిలో ఇంకా ఎక్కువుందేమో అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

సాయంత్రం వాసిం షాపు నుంచి రాగానే టీ ఇచ్చి, జరిగిందంతా చెప్పింది. అతను నిజంగానే తెల్లబోయాడు. మీ నాన్నే కదా చెప్పింది, నాదేం తప్పు అన్నాడు. టీ కప్పు కింద పెట్టి, అయినా ఇప్పుడు మూడేళ్లయితే ఏంటి, మూడు నెలలైతే ఏంటి అన్నాడు.

"జూన్ నుంచి వెళ్తానండీ. రేపు ఫోన్ చేసి చెప్పేస్తా" అంది ఆస్మా.

అతను అడ్డు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. ఇల్లెవరు చూస్తారని అడిగాడు. ఎలాంటి చిక్కొచ్చినా చేసినట్టే తల్లివైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా అన్నాడు. సర్దార్‌బీ దిండు గలీబుకి సూదితో కుట్లు వేస్తోంది. ఆవిడ ఏమంటుందో ఆస్మాకు తెలుసు. కానీ ఆ క్షణంలో ఆమెకు మరొకటి తోచింది. ఇన్నేళ్లలో తను కూడా ఈవిణ్ని ఏమీ అడగలేదు.

"అత్తయ్యా, పెళ్లికి ముందు మీరేం చేసేవారు?"

సర్దార్‌బీ సూది ఆగింది. మాట మొదలయ్యాక మాత్రం ఆగలేదు. వాళ్ల నాన్నకి జట్కా ఉండేదట. ఆయన కాలు విరిగిన ఏడు, మగపిల్లలు లేని ఇల్లు కదా, తనే తలకి తువ్వాలు చుట్టుకుని చిల్లకల్లు నుంచి జగ్గయ్యపేటకి మనుషుల్నీ మూటల్నీ తోలిందట. గుర్రం పేరు మోతీ అట. కొరడా వాడేది కాదట, నాలుకతో టకటక శబ్దం చేస్తే చాలట. ఆ శబ్దం చేసి చూపించింది కూడా.

వాసిం పగలబడి నవ్వాడు. "నువ్వు జట్కా తోలడమేంటమ్మా? నువ్వెప్పుడూ తోలలేదు."

సర్దార్‌బీ గలీబు పక్కన పెట్టి కొడుకు మొహంలోకి చూసింది.

"అప్పుడు నువ్వు లేవురా. నేనున్నా."