ఒంటి టైరుకు ఇద్దరు

2001 జూన్ 25, సోమవారం ఉదయం ఏడు గంటలకు యాడికి మండలం గుండ్లకుంటపల్లెలో సుంకప్ప ట్రాక్టరు వెనక కుడి టైరు పగిలింది. ముందు రోజు సాయంత్రం వాన పడింది. శెనక్కాయ విత్తడానికి గొర్రు తగిలించి గట్టు దాటిస్తుంటే రాయి తగిలి టైరు పక్క చీలింది.

విత్తాల్సిన చేను సుంకప్ప అక్క పెద్దక్కది. ఆరెకరాలు. ట్రాక్టరు ఇద్దరిదీ. కొన్నప్పుడు ఆమె తన ఎద్దుల జతను అమ్మి సగం పెట్టింది. ఆ నేలలో వాన పదను మూడు రోజులు నిలుస్తుంది. ఆ తర్వాత విత్తితే గింజ మొలవదు. ముందటేడు పదను తప్పిపోయి ఆమె చేను బీడు పడింది. ఈసారి విత్తనాలు వలిచి మూటలు కట్టి పెట్టుకుంది.

అక్కాతమ్ముళ్లు బస్సెక్కి తాడిపత్రిలో హబీబుల్లా టైర్ల దుకాణానికి పోయారు.

"పోయిన వారమంతా ఈడ ఈగలు తోలుకుంటా కూచున్నా. నిన్న వాన పడింది, పొద్దున్నే సగం సరుకు పాయె," అన్నాడు హబీబుల్లా.

మిగిలినవి మూడు రకాలు. వాళ్ల ట్రాక్టరు సైజుది కొత్తది ఒకటి. అంతకంటే ఒక సైజు పెద్దవి, కొత్తవి, ఒక జత. అరిగినవాటికి కొత్త రబ్బరు పట్టీ అతికి రీట్రెడ్ చేసినవి ఒక జత.

సుంకప్ప పెద్దవాటి దగ్గర నిలబడ్డాడు. "ఇవి ఏసినామంటే బండి చూసేదానికే బాగుంటాది."

"పెండ్లిచూపులకు పోతాండామా?" అంది పెద్దక్క.

హబీబుల్లా టేపు పట్టి కొలిచాడు. "మీ బండికి ఇవి మడ్‌గార్డుకు తగుల్తాయి. మడ్‌గార్డు అంచు కోయించల్ల."

"కోయిస్తే పాయె," అన్నాడు సుంకప్ప.

"వెల్డింగోడు రేపు రా, మన్నాడు రా అంటాడు. నా పదను వాని కోసరం కాసుకోని ఉంటాదా?" అని పెద్దక్క రీట్రెడ్ జత వైపు తిరిగింది. రబ్బరు అతికిన చోట గోరు పెట్టి చూసింది. "ఇదెట్లాదప్పా?"

"రోడ్డు మీద ఇసక తోలేదానికి సరిపోతాది. మీ రాళ్లల్లో తిప్పితే పట్టీ ఊడి చేతికొస్తాది. అప్పుడు నన్ను తిడతారు."

"అట్లైతే అమ్మేదానికి ఎందుకు పెట్టుకున్యావు?"

"తిట్టనోళ్లకు."

ఇక మిగిలింది ఒంటి టైరు. సుంకప్ప దాని మీద చెయ్యి వేశాడు. అప్పుడే ఇంకొకతను లోపలికి వచ్చి అదే టైరుకు అవతలి వైపు చెయ్యి వేశాడు. అతను పక్క పల్లె ఈశ్వరప్ప. రెండూళ్ల మధ్య మైలు దూరం. అతని ట్రాక్టరుకు ఎడమ టైరు పొద్దున్నే పగిలింది. విత్తాల్సిన చేను పదెకరాలు.

"నేను ముందొచ్చినా," అన్నాడు సుంకప్ప.

"ముందొచ్చి ఏం చేస్తాండావు? కోడెదూడను నిమిరినట్లు నిమురుతాండావు. నేనైతే ఈపాటికి బస్సు మీద ఏసుకుందును."

"ఏసుకో చూద్దాం. టైరుతో పాటు నన్ను గూడా ఏసుకోని పోవల్ల."

"నీకు టిక్కెట్టు ఎవరు తీస్తారప్పా?"

హబీబుల్లా ఇద్దరి మధ్యకు వచ్చాడు. "ఎవరు కొన్నా నా మాట ఒకటి వినండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగింది ఏస్తే బండి ఒక పక్కకు లాగుతాది. సాళ్లు వంకర పోతాయి. తర్వాత వచ్చి హబీబుల్లా చెప్పలేదు అనాకండి."

"ముసలెద్దు పక్కన కోడెను కట్టినట్లా?" అని అడిగింది పెద్దక్క.

"అంతే అక్కా."

పెద్దక్క రీట్రెడ్ టైరు మీద కూర్చుంది. ఈశ్వరప్పను అడిగింది. "మీది ఏం బండప్పా?"

చెప్పాడు. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడలు.

"నీకు బాగుండేది కుడి చక్రం కదా? ఎంత అరిగింది?"

టైరు పళ్లు ఇంకా అంత ఎత్తున్నాయని ఈశ్వరప్ప చూపుడువేలి మొదటి గెణుపు చూపించాడు. సుంకప్ప తన ఎడమ టైరు కూడా అంతే ఉందన్నాడు.

"ఒంటెద్దోళ్లు ఏం చేస్తారు?" అంది పెద్దక్క.

ఆ పల్లెల్లో అదను మీద ఒక ఎద్దు పోయిన రైతు సంతకు పరిగెత్తడు. ఇంకో ఒంటెద్దు రైతును చూసుకుంటాడు. రెండెద్దులనూ జత కట్టి ఒకరి తర్వాత ఒకరి చేను విత్తుకుంటారు.

"ఎద్దుకు కాళ్లుండాయి, నడిచొస్తాది. చక్రం యాడ నడిచొస్తాదక్కా?" అన్నాడు సుంకప్ప.

"దొర్లొస్తాది."

"డిస్కుతో సహా ఊడదీసి ఎత్తిపెట్టండి. బోల్టులే కదా, దానికి నా దుకాణం అక్కర్లే," అన్నాడు హబీబుల్లా. తర్వాత సుంకప్పతో, "ఇంగోసారి మీ అక్కను ఇంట్లో పెట్టి రాప్పా," అన్నాడు.

ఎవరి ట్రాక్టరుకు బిగించాలన్న దానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఈశ్వరప్ప ట్రాక్టరు నలుగురు తోస్తేనే స్టార్టు అవుతుంది. ఎవరి చేను ముందన్న దగ్గర మాట ఆగింది.

"నువ్వే అంటివి గదక్కా ఒంటెద్దోళ్ల మాట. ఎద్దును తోలుకొచ్చినోని చేను ముందు. చక్రం తెచ్చేది నేను," అన్నాడు ఈశ్వరప్ప.

పెద్దక్కకు ఆ కట్టుబాటు తెలుసు. ఒకరోజు ఆగితే తనకు మిగిలేది మూడో రోజు. ముందు అక్క చేనే విత్తాలని సుంకప్ప వాదించబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పద్ధతి నేను తీసి నేనే మింగేస్తే బాగుండదు. నీదే ముందు కానీప్పా. రేపు పొద్దు మునిగేలోపల బండి నాకు రావల్ల."

సాయంత్రం నలుగురు మనుషులు చక్రాన్ని పక్క పల్లె నుంచి దొర్లించుకొచ్చారు. వాలులో అది చేతులు తప్పించుకుని గొర్రెల మందలోంచి పోయి కంపచెట్టులో ఆగింది. గొర్రెలకు ఏమీ కాలేదు. కాపరి మల్లీశ్వరి మందను మళ్లీ ఒకచోటికి తోలుకుంటూ నలుగురినీ పేరుపేరునా తిట్టింది.

మంగళవారం ఈశ్వరప్ప పదెకరాలు విత్తారు. పొద్దు మునిగేలోపు ట్రాక్టరు గుండ్లకుంటపల్లెకు వచ్చింది.

బుధవారం తెల్లవారగానే పెద్దక్క చేన్లో మట్టి తీసి పిడికిట్లో నొక్కింది. ముద్ద కట్టింది. గొర్రు దించారు. ఈశ్వరప్ప పిలవకుండానే వచ్చి గింజల మూటలు అందించాడు.

"నీ చక్రం ఎత్తకపోతామని కాపలా వచ్చినావా?" అన్నాడు సుంకప్ప.

"నీ డ్రైవింగు చూసి నా చక్రం ఏడుస్తాంటే ఓదార్చేదానికి వచ్చినా."

మధ్యాహ్నానికి ఐదున్నర ఎకరాలు అయ్యాయి. గట్టు పక్క అరెకరంలో పెద్దక్క మళ్లీ మట్టి నొక్కింది. పిడికిలి తెరిస్తే పొడిగా రాలింది. అక్కడ గొర్రు ఎత్తించింది. మిగిలిన గింజలు మూట కట్టుకుంది.

జూలై మొదటి వారంలో ఐదున్నర ఎకరాల్లోనూ మొలక వచ్చింది. సాళ్లు తిన్నగా ఉన్నాయి. గట్టు పక్క అరెకరంలో ఆగస్టు వానకు పెద్దక్క ఉలవలు చల్లింది.