గెలుపు అట్లకాడ

నేను ఒక అట్లకాడను. నవ్వకండి. మీరు వేలికి సిరా పూయించుకుని ఎన్నుకున్న పెద్దమనుషుల్లో కొందరు నా పిడి పట్టుకునే శాసనసభకు వెళ్ళారు.

పాత లారీ కమాను బద్దను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఒక కమ్మరి నన్ను తయారుచేశాడు. గోదావరి గట్టు మీది ఒక పట్నంలో, బస్టాండు పక్కన టిఫిన్ బండి నడిపే వీరవేణి నన్ను కొనుక్కుంది. పొద్దున్నే పెనం ఎక్కితే ఎండ ముదిరేదాకా దిగేదాన్ని కాదు. ఒళ్ళు కాలుతున్నా అది బతుకే అనిపించేది. తినేవాళ్ళు "ఇంకోటి" అంటే నాకు ఎక్కడలేని పొంగు వచ్చేది.

పోలిశెట్టి గవర్రాజు అప్పటికి సభలకు జనాన్ని తోలే మనిషి. లారీ ఎక్కించడం, బిర్యానీ పొట్లం చేతిలో పెట్టడం, చప్పట్లు కొట్టించి మళ్ళీ ఇంటి దగ్గర దింపడం, అంతా ఆయన పూచీ. ఏ పార్టీ సభకైనా ముందు వరుసలో అవే మొహాలు ఉండేవి. వాటిని చూసి ప్రతి నాయకుడూ రాష్ట్రం తన వెంటే ఉందని మురిసిపోయేవాడు.

ఆ ఎన్నికల్లో గవర్రాజు అభ్యర్థి రొయ్యల చెరువుల ఆసామి. మా వీధిలో నడుస్తూ దణ్ణాలు పెడుతుంటే జనం తలెత్తకుండా చట్నీ నంజుకుంటున్నారు. గవర్రాజుకు చిర్రెత్తింది. వీరవేణి చేతిలోంచి నన్ను లాక్కుని ఆసామి చేతిలో పెట్టాడు.

"అట్టు తిరగేయండి బాబుగారూ. చూపు అట్టు మీద కాదండీ, కెమేరా మీద ఉండాలి, ఆయ్!"

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఆసామి గెలిచాడు. పంచిన నోట్ల వల్ల గెలిచాడని కొందరు, ఎదుటి పార్టీలో తన్నుకోవడం వల్ల గెలిచాడని కొందరు అన్నారు. గవర్రాజు మాత్రం నా వల్లే గెలిచాడని తేల్చాడు. వీరవేణికి తళతళలాడే స్టీలు అట్లకాడ ఒకటి ఇచ్చి, నన్ను సెంటిమెంటు పేరుతో పట్టుకుపోయాడు. నన్ను అడగలేదు. ఓటర్లను మాత్రం ఎవరడిగారు లెండి!

అక్కడి నుంచి ఆయన దశ తిరిగింది. జనాన్ని తోలేవాడు కాస్తా రాజకీయ వ్యూహకర్త అయ్యాడు. హైదరాబాదులో అద్దాల ఆఫీసు, లాప్‌టాప్‌ల ముందు కుర్రకారు, రోజుకో సర్వే. నాకు మఖ్మల్ పెట్టె. మధ్యలో ఒక నాయకుడికి అట్టు వేస్తుండగా వేలు కాలింది. ఆ వేలిని పరామర్శించడానికి ఇద్దరు మంత్రులు వచ్చారు. అప్పటి నుంచి గవర్రాజు పొయ్యి వెలిగించడం మానిపించాడు. హోటల్లో కాల్చిన అట్టు తెచ్చి చల్లటి పెనం మీద పరిచేవాళ్ళు. పొగ కోసం బండి కింద సాంబ్రాణి వేసేవాళ్ళు. నాయకుడు నన్ను అట్టు కిందికి దూర్చి, నవ్వి, కారెక్కేవాడు. ఆ అట్టును ఎవరూ తినేవారు కాదు. గవర్రాజు పార్టీలు మారాడు, మెడలో కండువాలు మారాయి, చల్లటి పెనం మాత్రం మారలేదు.

ఇంతమందిని గద్దెనెక్కించినా ఆయనకు ఒక దిగులు ఉండేది. ఒక ప్రమాణస్వీకారం రోజున గేటు దగ్గర పోలీసు ఆయన్ని ఆపేసి, "పాస్ ఉందా?" అన్నాడు. లోపల ప్రమాణం చేస్తున్న నాయకుడికి ఏ మాట దగ్గర గొంతు పూడుకుపోవాలో రాసిచ్చింది ఈయనే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఈసారి తానే నిలబడతానని భార్య అనంతలక్ష్మితో చెప్పాడు. తన పేరు చెప్పి జనం ఒక్కసారి ఓటేస్తే చాలన్నాడు.

"మిమ్మల్ని ఎందుకు గెలిపించాలో ఒక్క ముక్క చెప్పండి. నా ఓటు మీకే ఏత్తాను" అంది ఆవిడ.

"సర్వేలో మొగ్గు మనకేనే."

"నేనడిగింది అది కాదండీ."

ఆ ఒక్క ముక్క కోసం ఆయన సర్వే కాగితాలన్నీ తిరగేశాడు. టికెట్టు మాత్రం దొరికింది.

సొంత పట్నంలో ప్రచారం. మామూలుగానే చల్లటి పెనం, హోటల్ అట్టు, సాంబ్రాణి సిద్ధం. గవర్రాజు నన్ను పట్టుకున్నాడో లేదో, పైడమ్మ అనే ముసలావిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఇంకా సిమెంటు వదలని చేతుల్లో ఖాళీ ప్లేటు ఉంది.

"బాబూ, నాకో అట్టు ఏసి పెట్టు. పొద్దున్నించీ ఏం తిన్లేదు."

"ఇది తినడానికి కాదమ్మా" అన్నాడు ఆఫీసు కుర్రాడొకడు. జనం గొల్లుమన్నారు. కెమేరాలన్నీ అటే తిరిగాయి.

ఇక తప్పలేదు. పొయ్యి వెలిగించారు. పక్క బండి నుంచి పిండి తెచ్చారు. ఇన్నేళ్ళకు నాకు సెగ తగిలింది! గవర్రాజు పిండి పరిచాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత తల ఎత్తి, అందరికీ తాను నేర్పిన పాఠం ప్రకారం కెమేరా వైపు చూసి నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు. కింద అట్టు మాడుతోంది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

చివరికి గీకి తీసి, నల్లటి ముక్కల్ని ఆవిడ ప్లేటులో వేశాడు. "మాడిపోయిందమ్మా. ఇంకోటి..." అని నసిగాడు.

"పర్లేదు బాబూ, మాకు అలవాటే" అని, పైడమ్మ మసి గోటితో గీకుతూ తినేసింది.

గవర్రాజు మొహంలో నవ్వు పోయింది. ఆయన సిగ్గుపడ్డాడు. ఎవరూ చెప్పకుండా, ఎవరి కోసమూ కాకుండా సిగ్గుపడ్డాడు. ఆయన్ని అన్నాళ్ళూ తిట్టుకున్న నాకు ఆ రోజు ఆయన మీద జాలి కలిగింది, ఇష్టం కూడా కలిగింది.

ఎన్నికల్లో డిపాజిట్ గల్లంతయింది. ఆఫీసు కుర్రాళ్ళు వేరే ఆఫీసులు చూసుకున్నారు. మఖ్మల్ పెట్టె ఎటు పోయిందో పోయింది. అనంతలక్ష్మి నన్ను బూడిదేసి తోమి వంటింట్లో పెట్టుకుంది.

ఒక పొద్దున గవర్రాజు వంటింట్లోకి వచ్చి, "నేనేత్తాను, ఇటివ్వే" అని నన్ను అందుకున్నాడు. పెనం మీద నీళ్ళు చిలకరించి, చుయ్యిమన్నాక పిండి పరిచాడు. రెప్ప వేయకుండా దాన్నే చూశాడు. అంచు లేవగానే నన్ను కిందికి దూర్చాడు. అట్టు బంగారు రంగులో తిరగబడింది.

"ఆ పైడమ్మ ఇల్లెక్కడో కనుక్కోవాలే. ఆవిడకి ఇలాంటిది ఏసి పెట్టాలి" అన్నాడు.

అనంతలక్ష్మి ఆయన వంక కొత్తగా చూసింది. "నేను వాకబు చేత్తాను. నా ఓటు ఇప్పుడు మీకేనండీ" అంది.

ఆయన రెండో అట్టు పోశాడు. ఫోన్ మోగింది. అవతల ఒక పెద్ద పార్టీ మనిషి. ఆ మాడిన అట్టు వీడియోను రాష్ట్రమంతా చూసిందట. అందులో గవర్రాజు సిగ్గు చూసి జనం కరిగిపోయారట. వీడియో పోలింగు అయ్యాక పాకింది గానీ ఐడియా అద్భుతమట. తమ నాయకుడికీ అలాంటిదే కావాలట.

గవర్రాజు నడుము నిటారుగా అయింది. గొంతులోకి పాత ధాటి వచ్చింది. పెనం మీద అంచులు ఎరుపెక్కాయి.

"అట్టండీ" అంది అనంతలక్ష్మి.

ఆయన నన్ను గాల్లో ఊపి ఆవిణ్ణి ఆగమన్నాడు. పొగ లేస్తోంది.

"తప్పకుండా చేద్దామండీ. తమరికి ఎంత మాడాలండీ?"