పులికంపకు దిగిన చెయ్యి

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్‌లో ఎవరి బిందె బావిలో పడినా గాలం వెతకరు, సెబాస్టియన్‌ను పిలుస్తారు. ఆయన టీ గ్లాసు ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి కిందికి దించుతాడు. చెయ్యి సాగుతూ లోపలికి పోతూనే ఉంటుంది, నీళ్ళయినా నేలయినా. గనిలో అలవాటైన చెయ్యి మరి! బిందె పైకొస్తుంది, టీ చల్లారదు.

గనులు మూతపడినాక చేతికి తగిన పని లేకపోయినా నోటికి కొదవలేదు. పాతాళంలో ఆదిశేషుడి పడగ నిమిరి వచ్చినానని చర్చి మెట్ల మీదే చెప్పేవాడు. ఫాదర్ కూడా నవ్వి ఊరుకునేవాడు.

అప్పుడు టేకల్ గుట్ట మీద పులికంప కొట్టే పని వచ్చింది. ఏ కాలంలోనో పూల సోకుకు పరాయి దేశం నుంచి తెచ్చిన లంటానా అది. గుట్టంతా కమ్మి గడ్డిపరక మొలవనీకుండా చేసింది.

"అన్నా, పైన నరికితే రెట్టింపు మొలుస్తాది," అన్నది అటవీశాఖ పుష్పావతి. "వేరుమొదలు మన్నులోనే కోసి, పొదను తలకిందులు చేసి పెట్టల్ల."

సెబాస్టియన్ కుడిచెయ్యి ఆకాశానికెత్తినాడు. "బంగారం తెచ్చిన చెయ్యమ్మా ఇది! కలుపు పీకమంటావా?"

ఇంక కొడవలి తిప్పినాడు చూడండి, గాలి కూడా దడుచుకుని పక్కకు తప్పుకుంది! పొద్దు వాలేసరికి గుట్ట బోడిగుండు. దిగుతూ, కింద ఆవును మేపుకునే పిల్లమ్మకు కేకేసినాడు: "గుట్ట అద్దం మాదిరి ఉండాది పిల్లమ్మా! వాన పడినాక తోలుకో పో!"

వాన పడింది. మోడు మోడుకూ గుత్తులుగా చిగుళ్ళు. గడ్డి దొరకని ఆవు విషమని తెలియక వాటినే మేసింది. కళ్ళు పచ్చబడినాయి, మూతి తోలు పగిలింది, ఎండ సోకితే గిలగిల్లాడింది.

తిట్లకు సిద్ధపడే పోయినాడు సెబాస్టియన్. పిల్లమ్మ ఆవుకు గోనెపట్ట నీడ పట్టుకుని ఉంది.

"రాప్పా, కూర్చో. నువ్వు అద్దం మాదిరి ఉండాదంటివి గదా. నేనే సరిగా చూడకుండా తోలినానేమో."

తిట్టి ఉంటే బతికిపోయేవాడు. కుడిచెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

"గంజి తాగుతావా?"

"వద్దమ్మా." అంత చిన్నమాట ఆ నోట ఎవరూ వినలేదు.

అటునుంచి అటే గుట్టెక్కినాడు. చెయ్యి మన్నులోకి దించి, వేరుమొదలు దొరికేదాకా తడిమి, లాగినాడు. లాగిన ప్రతి వేరూ చేతి పొడుగులో కొంత తీసుకుపోయింది. తెలిసింది, ఆగలేదు. పుష్పావతి చెప్పినట్టే పొదలన్నీ తలకిందులు పెట్టినాడు. కడాకరి పొద పెళ్ళగించి మళ్ళీ నేల మీద చెయ్యి పెడితే, అందరి చెయ్యి మాదిరే పైనే ఆగిపోయింది.

"గాలం కొనుక్కోండమ్మా," అన్నాడు, మళ్ళీ బిందె పడిందని పిలవొచ్చిన వాళ్ళతో.

మరుసటేడు గుట్ట నిండా గడ్డి. మూతి మీద మచ్చతో ఆవు వంచిన తల ఎత్తకుండా మేస్తోంది.

"ఎవురప్పా ఇంత బాగా పీకింది?" అన్నది పిల్లమ్మ.

ఆదిశేషుడి పడగ నిమిరిన మనిషి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవురో," అన్నాడు, "కలుపు తీసేవాడు."