మైసమ్మ వద్దన్న పొట్టేలు

మార్చిలో నేను ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ ఫెయిలయ్యాను. ఫిజిక్స్ రాక ఫెయిలవలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఫలితాలు వచ్చాక మా ఊళ్లో నన్ను చూసి అయ్యో అనని మనిషి లేడు. కల్వకుర్తి బస్సెక్కితే కండక్టర్ కూడా "ఏం గాదులే చెల్లె, సప్లిమెంటరీ ఉంటది గద" అని ఓదార్చాడు. ఆయనకెవరు చెప్పారో మరి.

నేను ఫెయిలవడానికి కారణం లడ్డు. లడ్డు అంటే మా పొట్టేలు. పుట్టిన రెండో రోజే తల్లి చచ్చిపోతే నేనే సీసాతో పాలు పట్టి పెంచాను. మా గొర్రెల మంద అంతా బాపు వెంట మేతకు పోతే వీడు మాత్రం నా పుస్తకాల చుట్టూ తిరిగేవాడు. బాటనీ రికార్డులో రెండు పేజీలు నమిలేశాడు కూడా. అయినా నాకు వాడంటే ప్రాణం.

ఇక మా అవ్వ. పేరు కృష్ణమ్మ, మా బాపు మల్లన్నకు తల్లి. మా ఇంట్లో ఎవరు ఏం చేయాలో చెప్పేది ఆమే. పరీక్షలు దగ్గరపడుతున్న కొద్దీ నాకు తిండి సయించలేదు, పొద్దున్నే వాంతులయ్యేవి. అది చూసి అవ్వకు గాబరా పుట్టింది. గాబరా పుడితే మా అవ్వ చేసే పని ఒకటే, ఊరి బయట మైసమ్మ దగ్గరికి వెళ్లి మొక్కుకోవడం. ఈసారీ వెళ్లింది. నేను పాసైతే లడ్డును బలి ఇస్తానని మొక్కింది. మందలో వాడికన్నా బలిసిన పొట్టేలు లేదు. మనుమరాలి చదువు కోసం బక్క జీవాన్ని ఇస్తే ఏం బాగుంటుందని ఆమె ఉద్దేశం.

ఆ సంగతి నాకు సరిగ్గా ఫిజిక్స్ పరీక్షకు ముందు రోజు చెప్పింది. నాకు ధైర్యం రావాలనే చెప్పింది పాపం. "ఇగ ఫికర్ చేయకు బిడ్డా. లడ్డుగాన్ని తల్లికి ఇస్తనన్న. నువ్వు పాసైనట్టే" అని నా తల నిమిరి నవ్వింది.

మర్నాడు హాల్లో ప్రశ్నపత్రం చూస్తే అన్నీ నేను చదివినవే. మొదటి పెద్ద ప్రశ్న రాశాను. రెండోది సగంలో ఉండగా చెయ్యి ఆగిపోయింది. రాయకూడదని నేను అనుకోలేదు, ఒట్టు. ఇంకో లైను రాస్తే ఇంకో మార్కు వస్తుంది, మార్కులు వస్తే పాసవుతాను, పాసైతే... అని ఒక్కసారి తోచింది, అంతే. మిగిలిన టైమంతా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఒకటి వస్తే పాస్. నాకు అరవైకి పద్నాలుగు వచ్చాయి. ఫిజిక్స్ ఎలాగూ పోయిందని తెలిసిపోయింది కాబట్టి ఆ తర్వాతి కెమిస్ట్రీ మాత్రం హాయిగా రాశాను. అందులో యాభై ఒకటి. ఇదేం విచిత్రమని మా కాలేజీ సార్లు తలలు పట్టుకున్నారు.

నేను నోరు విప్పలేదు. అవ్వ మొక్కు తప్పని చెప్పే ధైర్యం బాపుకే లేదు, నాకెక్కడిది? మళ్లీ ఫెయిలైతే నేను చేరాలనుకుంటున్న నర్సింగ్ సీటు పోతుంది. పాసైతే లడ్డు పోతాడు. ఇదీ నా పరిస్థితి.

సప్లిమెంటరీ మే నెలాఖరున. అప్పటికి బాపు, అమ్మ మందను తోలుకొని మేత కోసం నల్లగొండ వైపు కాలువల కిందికి వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది నేను, అవ్వ, లడ్డు. చుట్టాలు రోజుకొకరు ఫోన్ చేసి "టెన్షన్ పడకు" అనేవారు. ఈ మాట కనిపెట్టిన మనిషి నాకొకసారి దొరికితే బాగుండు. ఒకరు నానబెట్టిన బాదం తినమన్నారు. ఒకరు తాయెత్తు పంపారు. దవాఖానలో గ్యాస్ గోళీలు రాసిచ్చారు. మార్చిలో మైసమ్మకు పొట్టేలు చిన్నగా కనబడిందేమోనని అవ్వ లడ్డుకు రోజూ ఉలవలు ఉడకబెట్టి పెట్టడం మొదలుపెట్టింది. వాడు నిగనిగలాడుతూ బలిశాడు. నేను చిక్కి సగమయ్యాను.

పక్కింటి మనీష కూడా నాతో పాటే ఫిజిక్స్ పోగొట్టుకుంది. ఆమెకు నిజంగానే రాకే పోయింది. రోజూ సాయంత్రం మా వాకిట్లో కూర్చుని నాతో పాఠం చెప్పించుకునేది. పరీక్షకు వారం ముందు వీట్‌స్టోన్ బ్రిడ్జి చెబుతున్నాను. నాలుగు నిరోధాలు, మధ్యలో గాల్వనోమీటర్, దాని ముల్లు ఎప్పుడు కదలకుండా నిలబడుతుందో, అన్నీ బండ మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. అంతా విని మనీష నా చేతిలో సుద్దముక్క లాక్కుంది.

"గింత మంచిగ చెప్తున్నవ్. నువ్వెట్ల ఫెయిలైతవే? నిజం చెప్పు, పాసైతే నీకేమైతది?"

ఆ ప్రశ్న అంతవరకు నన్నెవరూ అడగలేదు. అందరూ ఫెయిలైతే ఏమవుతుందనే అడిగారు.

"లడ్డును కోస్తరు" అన్నాను. అవ్వ మొక్కు సంగతి చెప్పేసి ఏడ్చాను. వెక్కి వెక్కి, ముక్కు కారేలా ఏడ్చాను. గొర్రె కోసం ఫెయిలయిందని మనీష నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తన చున్నీ కొస నా చేతికిచ్చి, "మీ అవ్వకు చెప్పు" అంది.

"చంపుతది."

"ఎవర్ని? నిన్నా, లడ్డునా?"

ఆ పూట, ఎన్నో వారాల తర్వాత, కడుపునిండా అన్నం తిన్నాను.

పొద్దున అవ్వ ఉలవలు వారుస్తుంటే దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వెనకా ముందూ చూసుకుంటే నోరు పడిపోతుందని తెలుసు. అందుకే ఒక్క గుక్కలో చెప్పేశాను.

"అవ్వా, లడ్డును కోసుడు నాకు ఇష్టం లేదు. గందుకే మొన్న రాయలేకపోయిన. మొక్కు వాపస్ తీస్కో."

అవ్వ గిన్నె దించి పక్కన పెట్టింది. తిడుతుందని కాచుకున్నాను. ఆమె మొహంలో కోపం లేదు. భయం ఉంది.

"వాపస్ తీస్కునుడేంది బిడ్డా? తల్లికి మాటిచ్చిన. మీ తాత ఒక్కపారి మొక్కు తీర్చుడు ఎన్కకేసిండు. గా ఏడు రోగమొచ్చి నలభై జీవాలు సచ్చినయ్. ఇప్పుడు నీ బాపు, అమ్మ గంత దూరంల మందతోని ఉన్నరు. నేనెట్ల కాదంట చెప్పు?"

అప్పటిదాకా నాకు అవ్వ మొండిదనే తెలుసు. ఇంత భయాన్ని ఇన్నేళ్లుగా మోస్తోందని తెలియదు. ఆమె భయం ఒకవైపు, నా భయం ఒకవైపు. లడ్డుగాడు మాత్రం మా ఇద్దరి మధ్యా దూరి ఉలవల గిన్నెలో మూతి పెట్టాడు.

"అయితే తల్లినే అడుగుదాం" అన్నాను. "కోసే ముందు నీళ్లు చల్లి అడుగుతరు గద. గదేదో ఇప్పుడే అడుగుదాం. లడ్డు ఒళ్లు దులిపితే నేను నోరెత్త. దులపకపోతే నువ్వు నోరెత్తొద్దు."

మా వైపు పద్ధతే అది. బలిచ్చే జీవం మీద పసుపు నీళ్లు చల్లి, ఎవరూ ముట్టుకోకుండా నిలబడతారు. అది ఒళ్లు దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులపకపోతే కత్తి ఎత్తరు. మా అవ్వలో ఒక గొప్ప గుణం ఉంది, న్యాయమైన మాటకు అడ్డం చెప్పదు. "మంగళారం పొద్దుగాల పోదాం" అంది.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ప్రతి ఆదివారం బోరు దగ్గర లడ్డుకు స్నానం చేయించేది నేనే. అలవాటైపోయి వాడు మిగతా గొర్రెల్లాగా నీళ్లు పడగానే దులపడు. ఒక్కోసారి దులుపుతాడు, ఒక్కోసారి అలాగే నిలబడతాడు. కాబట్టి ఎటు తేలుతుందో నాకూ తెలియదు, కొంచెం ఆశ మాత్రం ఉంది. ఆ సంగతి అవ్వ అడగలేదు, నేను చెప్పలేదు.

మా మైసమ్మకు గుడి లేదు. చెలక చేను గట్టున ఒక వేపచెట్టు, దాని కింద పసుపు పూసిన రాయి. అవ్వ బొట్టు పెట్టి, అటుకులూ బెల్లం ముందుంచి, చెంబులో పసుపు నీళ్లు కలిపింది. "తల్లీ, నీకిస్తనన్న పొట్టేలు ఇదే. కావాల్నా, వద్దా? నువ్వే చెప్పు" అని లడ్డు తల నుంచి తోక దాకా ధార పోసింది.

లడ్డు కదల్లేదు. వాడు కుడి చెవి ఒకసారి ఆడించాడు.

"చెవి లెక్కకు రాదు" అన్నాను గబగబా.

"నాకెర్కనే, నువ్వు సప్పుడు చేయకు" అని అవ్వ కసిరింది.

రెండోసారి పోసింది. లడ్డు కళ్లు మూసుకున్నాడు. మే నెల ఎండలో చల్లటి నీళ్లు పడితే ఎవరికి మాత్రం హాయిగా ఉండదు? మూడోసారి చెంబంతా గుమ్మరించింది. మేమిద్దరం చూస్తుండగా వాడు రెండు అడుగులు ముందుకేసి, రాయి ముందున్న అటుకులు తినడం మొదలుపెట్టాడు.

నేను ఎగిరి గంతేశాను. వాడి తడి మెడ పట్టుకొని ముద్దులు పెట్టాను. నా బట్టలన్నీ పసుపయ్యాయి. ఆ సంబరంలో వెనక్కి తిరిగి చూస్తే అవ్వ నేల మీద కూలబడి ఉంది.

"తల్లి వద్దన్నది" అంది. "అంటే నువ్వు పాస్ గావా బిడ్డా? ఇంక నిన్నెవ్వలు గట్టెక్కిస్తరు?"

ఇది నాకు తట్టనే లేదు. మైసమ్మ పొట్టేలు వద్దందంటే అవ్వ దృష్టిలో నా పని కూడా వద్దన్నట్టే. డెబ్బై ఏళ్ల మనిషి చిన్నపిల్లలా బిక్కమొహం వేసుకొని నన్ను చూస్తోంది. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నేనే రాస్త అవ్వా" అన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు. కానీ అన్నాక ఆ మాట నాకే బాగా అనిపించింది.

ఆ రోజుతో నా రోగం అవ్వకు పట్టుకుంది. అన్నం సయించదు, కూర్చుంటే కూర్చోదు, ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరగడమే. నా గ్యాస్ గోళీలు ఆమెకిచ్చాను. నోరు జారి "టెన్షన్ పడకు అవ్వా" అని కూడా అన్నాను. ఆమె చూసిన చూపుకు మళ్లీ అనలేదు.

పరీక్ష మధ్యాహ్నం రెండున్నరకు. నేనూ వస్తానని అవ్వ పట్టుబట్టి బస్సెక్కింది. దారి పొడుగునా ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. వాటిని చూస్తుంటే నా చేతులూ మొదలుపెట్టాయి. ఇలా ఇద్దరం వణుక్కుంటూ పోతే లాభం లేదనిపించింది.

"అవ్వా, ఇయ్యాల నేనేం రాస్తనో నీకు చెప్త, విను" అన్నాను.

వీట్‌స్టోన్ బ్రిడ్జిని ఆమె అరచేతిలో వేలితో గీశాను. న్యూక్లియర్ రియాక్టర్ ఎలా పనిచేస్తుందో చెప్పాను. తీగలో అలలు ఎలా నిలబడతాయో ఆమె కొంగు సాగదీసి చూపించాను. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూశారు. అవ్వ రెప్పలార్పకుండా వింది, మధ్యలో రెండుసార్లు "ఊ" కొట్టింది కూడా.

"సమజైందా?" అని అడిగాను, కల్వకుర్తిలో దిగబోతూ.

"నాకేం సమజ్ గాలే" అంది అవ్వ. "గని నీకైంది గద. గంతే చాలు."

అప్పుడు చూశాను, ఆమె చేతులు వణకడం లేదు. నావీ వణకడం లేదు.

హాల్లో ప్రశ్నపత్రం అందుకోగానే పాత భయం ఒక్క నిమిషం వచ్చి కూర్చుంది. మార్చిలో ఇక్కడే ఆగిపోయాను కదా అనిపించింది. అయితే ఈసారి నా మార్కుల మీద ఎవరి ప్రాణమూ వేలాడటం లేదు. రాస్తే నా గొప్ప, రాయకపోతే నా తప్పు. అలా అనుకోగానే ఎంత తేలికయిందో చెప్పలేను. బస్సులో అవ్వకు చెప్పినట్టే చెబుదామని మొదలుపెట్టాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. చివరి బెల్లు కొట్టేసరికి నేను రాయాల్సిన ప్రశ్న ఒక్కటీ మిగల్లేదు. వేళ్లు నొప్పి పుట్టాయి, ఆ నొప్పి నాకెంతో నచ్చింది.

బయటికొస్తే అవ్వ గేటు ఎదురుగా గోడ నీడన కూర్చుని ఉంది. మూడు గంటలూ అక్కడే ఉందట. ఎలా రాశావని అడగలేదు. "సోడ తాగుతవా?" అంది. ఇద్దరం చెరొకటి తాగి బస్సెక్కాం.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. మనీష తన ఫోన్‌లో చూసి గోడవతల నుంచే కేకలు పెట్టింది. నాకు యాభై నాలుగు. ఆమెకు ఇరవై తొమ్మిది, పాస్. ఇద్దరం వాకిట్లో గిరగిరా తిరిగాం. లడ్డు బెదిరిపోయి అరుగెక్కాడు.

అవ్వ బాపుకు ఫోన్ కలపమంది. సంగతి విని బాపు అవతల నుంచి సంతోషంగా అరిచాడు. ఆ మంగళవారం మైసమ్మ దగ్గర జరిగింది ఆయనకు మేం చెప్పలేదు.

"మైసమ్మ తల్లి కాపాడింది అవ్వా! మొక్కు ఎప్పుడు తీర్చాలె? మేమొచ్చేదాంక జర ఆగుతవా?"

నేను లడ్డు వైపు చూశాను. వాన పడినా, గొర్రె ఈనినా, నా జ్వరం తగ్గినా మైసమ్మ చలవే అనే మనిషి మా అవ్వ. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి మొహానికెదురుగా పెట్టుకుంది. గోడవతల వాళ్లకూ వినబడేలా గొంతు పెంచింది.

"ఏం మొక్కు? మొక్కు లేదు, గిక్కు లేదు. తల్లి నాకేం వద్దన్నది, నాకు సంబంధం లేదన్నది. నా మనుమరాలే చదివింది, నా మనుమరాలే రాసింది. యాభై నాలుగు మల్లన్నా, యాభై నాలుగు! అన్నీ దానియే. అండ్ల ఎవ్వలకూ వాటా లేదు."