చేతులు వదులైన చోట

బురుల్‌కాన్ రొట్టెను కత్తితో కోయదు, చేత్తో తుంచుతుంది. తుంచిన ముక్కలు పళ్ళెంలో బోర్లా పడకుండా సర్ది, పక్కన నేరేడంత నల్లటి మల్బరీ పళ్ళు పోసింది. బకెట్లు మోసి మోసి ఆమె కుడి భుజం కాస్త కిందికి జారిపోయింది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉంటాయి. నవ్వితే పక్కన బంగారు పన్ను కనబడుతుంది గాని, ఆమె పనిచేసే అంతస్తులో ఆ నవ్వు చూసినవాళ్ళు తక్కువ.

ఓష్ నగరంలోని ఆ విశ్వవిద్యాలయంలో ఏటా వేసవి సెలవుల్లో పదిరోజుల శిక్షణ జరుగుతుంది. ఊళ్ళకు వెళ్ళి జనాన్ని ఎలా పలకరించాలో, ఏం అడగాలో, సమాజాన్ని ఎలా అధ్యయనం చేయాలో నేర్పి, చివర్లో ఒక ధ్రువపత్రం చేతిలో పెడతారు. అక్కడ నేల తుడవడం, టీ పెట్టడం బురుల్‌కాన్ పని. ఇంకో పని కూడా ఉంది. ప్రశ్నలడగడం అభ్యాసం చేయడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషి ఆమే.

రాజధాని నుంచి వచ్చిన శిక్షకుడు తలాయ్‌బెక్ వంటగదిలోకి తొంగి చూశాడు. మర్యాదస్తుడు. వచ్చినప్పుడల్లా ఆమెకు మిఠాయి పొట్లం తెస్తాడు.

"అక్కా, టీ ఇచ్చాక మీరూ కూర్చోవాలి. ఎప్పటిలాగే చెప్పేయండి."

"ఎన్నిసార్లు చెప్పానో సార్, గోడలకి కూడా నోటికొచ్చేసుంటుంది."

అతను నవ్వి వెళ్ళిపోయాడు.

మాట అలా అన్నది గాని, ఈ రోజు కోసం ఆమె ఏడాదంతా ఎదురుచూసేది. కూతురు పోయాక ఆ ఊసు ఇంట్లో ఎత్తనివ్వలేదు భర్త. అత్తగారు ఎత్తనివ్వలేదు. పోయినవాళ్ళను తలచుకుంటే ఉన్నవాళ్ళకు కీడన్నారు. భర్తా పోయాడు, అత్తా పోయింది, ఆ మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. మొదటిసారి ఇక్కడి తరగతి గదిలో, శిక్షణకు వచ్చిన ఎవరో అమ్మాయి ఎదురుగా కూర్చుని, తల వంచి వింది. తన బిడ్డ గురించి వినడానికి మనుషులున్నారని బురుల్‌కాన్ నమ్మింది.

రెండు చేతులా టీ కూజా పట్టుకుని తరగతి తలుపు దాకా వచ్చింది. లోపల తలాయ్‌బెక్ చెబుతున్నాడు.

"పిల్లకి జ్వరం, ఆసుపత్రికని కొండ మీది గుడారం నుంచి గుర్రం మీద దిగడం, ఇవన్నీ చెబుతుంది. పిల్ల ఈవిడ వెనకాల కూర్చుని నడుం పట్టుకుని ఉంటుంది. 'చేతులు వదులయ్యాయి' అంటుంది చూడండి, అక్కడ ఏడుస్తుంది. తొందరపడి తర్వాతి ప్రశ్న వేయకండి. మౌనంగా ఎలా ఉండాలో నేర్చుకోవాల్సింది అక్కడే. రుమాలు ముందే దగ్గర పెట్టుకోండి."

"ఏడవకపోతే సార్?" ఎవరో అడిగారు.

"ఏడుస్తుంది. ఎప్పుడూ ఆ మాట దగ్గరే."

గదిలో చిన్నగా నవ్వులు. కూజా వేడికి అరచేతులు కాలుతున్నా బురుల్‌కాన్ దాన్ని దించలేదు. తర్వాత లోపలికి వెళ్ళి అందరికీ టీ పోసింది, కుర్చీలో కూర్చుంది.

నరీన్ నుంచి వచ్చిన నుర్జమాల్ అనే అమ్మాయి ఎదురుగా కూర్చుని అడిగింది. బురుల్‌కాన్ చెప్పింది. తెల్లవారకముందే గుర్రం ఎక్కామంది. రాళ్ళ దారంది. చేతులు వదులయ్యాయంది. అక్కడ ఆగలేదు. కిందికి దిగి రోడ్డు చేరేసరికి పొద్దెక్కిందని చెప్పి ఊరుకుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నుర్జమాల్ చేతిలో రుమాలు అలాగే ఉండిపోయింది.

తలాయ్‌బెక్ గొంతు సవరించుకున్నాడు. "ఒంట్లో బాలేదా అక్కా? ఫరవాలేదు, గుర్రం ఎక్కిన దగ్గర్నుంచి మళ్ళీ అందుకోండి."

"ఎందుకు సార్? దాన్ని ఇంకోసారి చంపాలా?"

బురుల్‌కాన్ గదిలో అందరి వైపూ తిరిగింది.

"ఇన్ని వేసవులు అడిగారు. ఎన్నో సంతానమన్నారు. వయసెంతన్నారు. ఒకబ్బాయి గుర్రం రంగు కూడా అడిగాడు. నా బిడ్డ పేరేంటని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగారా?"

"పేర్లు అడగకూడదన్నది మా నియమం అక్కా. మీ గుట్టు కాపాడ్డానికే..."

"నా గుట్టా?" ఆమె లేచి నిలబడింది. "ఇదిగో ఇక్కడ ఏడుస్తుంది, రుమాలు దగ్గర పెట్టుకోండి అన్నారే, తలుపవతల నిలబడి విన్నా. అదేం గుట్టు సార్? నా ఏడుపు మీకు పాఠమా? మీరు వింటున్నారనుకున్నా నేను. పిచ్చిదాన్ని!"

తలాయ్‌బెక్ ముఖం ఎర్రబడింది. కిటికీ వైపు తిరిగాడు.

బురుల్‌కాన్ ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. వంటగది తాళాలు అతని ముందు పెట్టింది. గట్టిగా పెట్టలేదు. మెట్లు దిగుతుంటే వెనక పరుగు వినిపించింది.

"అక్కా! పాప పేరేంటక్కా?" పైమెట్టు మీద నుర్జమాల్.

బురుల్‌కాన్ తలెత్తి చూసింది. "పాఠం కోసమా, నీ కోసమా?"

ఆ అమ్మాయి ఊపిరి తీసుకుంది. "తెలీదక్కా."

"తెలిసిన రోజు ఉజ్గెన్‌లో మా అన్నయ్య ఇంటికి రా. టీ తాగుతూ చెబుతా."

చేయి గోడకు ఆన్చుకుంటూ, నెమ్మదిగా దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ అంతస్తుకు రాలేదు. మర్నాటి నుంచి శిక్షణకు వచ్చినవాళ్ళు ఒకరికొకరు ప్రశ్నలు వేసుకున్నారు. చివరి రోజున ధ్రువపత్రాలు పంచారు, ఫొటోలు దిగారు.

వెళ్ళిపోయిన రోజు ఆమె వంటగది చెప్పులతోనే రోడ్డెక్కింది. వంటగది తలుపు మూల గోడవారగా ఆమె బయటి బూట్లు ఉండిపోయాయి, మడమలు ఓ పక్కకు అరిగి, ఒకదానికి చినిగిన అంచు మీద కొత్త దారంతో వేసిన కుట్లు.