పెళ్లిళ్లలో కరిగిన కంపెనీ

ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ బూడిదతో ఇటుకలు చేసే సంజీవరావుకి ఒక జబ్బు ఉంది. పెళ్లికి వెళ్తే అందరిలా నూటపదహార్లో, స్టీలు బిందో చదివించడు. తన కంపెనీ షేర్లు చదివిస్తాడు. "ఇటుకల సంజీవరావు గారు, రెండు వందల షేర్లండీ" అని మైకులో వినపడితే ఇక ఆ పూట ఆయనకు భోజనం కూడా అక్కర్లేదు.

1995లో జనానికి షేర్లు అమ్మినప్పుడు ఆయన వాటా యాభై ఐదు శాతం. తర్వాత మూడు నెలలకోసారి యజమాని వాటా ఎంతో స్టాక్ ఎక్స్ఛేంజికి రాసి పంపాల్సొచ్చింది. ఆ పని కంపెనీ సెక్రటరీ ముబీనాది.

"సార్, మళ్లీ తగ్గింది. కారణం ఏం రాయను?"

"రత్తయ్య గారి మనవరాలి ఓణీల ఫంక్షనమ్మా."

"అలా రాస్తే బాగోదు సార్."

2003కి వాటా ముప్పై తొమ్మిదికి దిగింది. ముబీనా పంపే కాగితం ఎవరైనా చదువుకోవచ్చు. అందరికన్నా శ్రద్ధగా చదివింది సంజీవరావు బావమరిది వెంకటకృష్ణారావు. చప్పుడు చేయకుండా దొరికిన షేరల్లా కొని నలభై శాతం పోగేసి, ఒకరోజు స్వీట్ల పెట్టెతో దిగాడు.

"బావా, సెప్టెంబరు మీటింగులో ఛైర్మన్ కుర్చీ నాదే. ఈ బూడిద గోల మానేసి ఇక్కడ కల్యాణమండపం కట్టేద్దాం."

సంజీవరావు ఇరవై ఏళ్లు బూడిద మింగి నిలబెట్టిన ఫ్యాక్టరీ. దాన్ని పప్పన్నం పెట్టినట్టు తనే ఊరందరికీ వడ్డించేశాడు.

ముబీనా మాత్రం ఆలోచనలో పడింది. "సార్, ఈ ఎనిమిదేళ్లలో మీ ఇంట్లో ఫంక్షనేదైనా చేశారా?"

"లేదమ్మా. మా అమ్మాయి శాంభవిది రిజిస్టరు పెళ్లి."

"అయితే మీకెవరూ తిరిగి చదివించలేదన్నమాట."

సంజీవరావు కుర్చీలోంచి లేచాడు. తీసుకున్నది తిరిగి చదివించాలి, పైన కాస్త కలిపి మరీ. తగ్గితే మైకు పరువు తీస్తుంది. పైగా ఆయనకు అరవై నిండుతున్నాయి.

ఆగస్టులో షష్టిపూర్తి పెట్టారు. మైకు చదివింపులు చదివే శౌరయ్య చేతిలో ఉంది. "రత్తయ్య గారు, రెండు వందల పదహారు షేర్లండీ." అలా గంటసేపు. ఆఖర్న వెంకటకృష్ణారావు వంతు. ఆయన కొడుకు పెళ్లికి బావ రెండు వేల షేర్లు చదివించాడు. కవరులో నూటపదహార్లు పెట్టుకొచ్చిన ఆయన, పీటల మీద కూర్చున్న అక్క శాంతకుమారి వైపు చూశాడు. ఆవిడ రెప్ప వేయకుండా తమ్ముణ్నే చూస్తోంది. శౌరయ్య మైకుతో ఆయన దగ్గరకొచ్చాడు.

"వెంకటకృష్ణారావు గారు," అని శౌరయ్య ఆగాడు.

"రెండు వేల నూటపదహారు షేర్లు," అన్నాడాయన, ఆముదం తాగిన మొహంతో.

ముబీనా తర్వాతి కాగితంలో యాభై ఒక్క శాతమని రాసింది. షేర్ల బీరువా తాళం మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

మరుసటి వారమే మైలవరం నుంచి శుభలేఖ వచ్చింది. సంజీవరావు తాళం అడగలేదు. ఆ పెళ్లికి లారీ వేసుకెళ్లి వెయ్యి ఇటుకలు చదివించాడు. రేపు వాళ్లు తిరిగి చదివించాలంటే ఆ ఇటుకలు ఆయన దగ్గరే కొనాలి.